రోజూ ఆత్మపరిశీలన చేసుకుంటున్నా మనసెందుకు తేలికపడటం లేదు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళయింది, ఒక పాప, ఫ్లాటుకి ఈఎంఐ కడుతున్నారు. పైకి లోటేం లేదు, లోపల మాత్రం ఏదో వెలితి. ఆత్మపరిశీలన చేసుకుంటే జీవితంలో తృప్తి దొరుకుతుందని ఎవరో చెప్పారు. మూడు నెలలుగా రోజూ రాత్రి పదిన్నరకి బాల్కనీలో ఒక్కరే కూర్చుని ‘నేనెందుకు ఇలా తయారయ్యాను’ అని ఆలోచిస్తున్నారు. గంట గడిచేసరికి మనసు ఇంకా బరువెక్కుతోంది, ఆ తర్వాత నిద్ర పట్టదు. తప్పు ఎక్కడుంది, అసలిది నాకు సరిపడే పనేనా అన్నారు. చివర్లో, రాసుకోవడానికి యాప్ మంచిదా పుస్తకం మంచిదా అని కూడా అడిగారు.

నేను మానసిక వైద్యుణ్ణి కాదు, స్వామీజీని అసలే కాదు. 35 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందులో పన్నెండేళ్ళు ఇన్‌స్పెక్షన్ విభాగంలో, అంటే ఊరూరా బ్రాంచీలకు వెళ్ళి లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం. 1995 నుంచి రోజూ రాత్రి నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. ఆ రాతలో నేను చేసిన పొరపాట్లు చాలానే ఉన్నాయి కాబట్టి, మీరు ఎక్కడ చిక్కుకున్నారో నాకు కొంచెం తెలుసు.

మీకు సరిపడని పనేం కాదు. ఇప్పుడు మీరు చేస్తున్నది ఎలా ఉందంటే, తనిఖీకి వెళ్ళిన ఆఫీసరు ఒక్క లెడ్జరూ తెరవకుండా మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చుని, ‘ఈ బ్రాంచి ఎందుకిలా తగలడింది’ అని గంటసేపు తిట్టుకుని బస్సెక్కినట్టుంది. అలాంటి తనిఖీకి రోజూ వెళ్ళినా ఒరిగేదేం ఉండదు. ఆఫీసరుకి బీపీ వస్తుంది, అంతే.

ఒక పాత సంగతి చెబుతాను. కంప్యూటర్లు రాకముందు సాయంత్రం పూట లెక్క ట్యాలీ కాకపోతే బ్రాంచీలో ఎవరూ ఇంటికి కదిలేవాళ్ళు కాదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు 270 రూపాయలు తేడా వచ్చింది. ఏడున్నరయింది. నేనూ, నాతోపాటు చేరిన ఇంకో కుర్రాడూ తలలు పట్టుకుని కూర్చున్నాం. ఎవరి నిర్లక్ష్యమో తేల్చే పనిలో ఉన్నాం ఇద్దరం. మా హెడ్ క్లర్కు గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి ‘ఎంత తేడా?’ అన్నారు. చెప్పాం. ‘తొమ్మిదితో పోతుందా?’ అన్నారు. పోతుంది. ‘అయితే ఎవరో అంకెలు తిరగేసి రాశారు. వందలూ పదుల స్థానాలు చూసుకోండి’ అని మళ్ళీ టీ తాగడంలో పడ్డారు. పావుగంటలో దొరికింది. 520 వేయాల్సిన చోట 250 వేసి ఉంది.

లెక్కలు రాసేవాళ్ళకి ఇది పాత కిటుకే. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. జమలో పడాల్సింది ఖర్చులో పడితే తేడా రెట్టింపు కనిపిస్తుంది కాబట్టి, దాన్ని సగం చేసి ఆ అంకె కోసం వెతుకుతాం. కిటుకు సంగతి పక్కన పెట్టండి. ఆయన ఆ సాయంత్రం ‘ఎందుకిలా జరిగింది’ అని ఒక్కసారి కూడా అనలేదు. ఎంత, ఎక్కడ, ఎవరి స్క్రోలు (ఆ రోజు పద్దులు వరసగా రాసే పుస్తకం) అని మాత్రమే అడిగారు. నేను నా గురించి రాసుకోవడం మొదలుపెట్టిన చాలాకాలానికి గానీ ఆ సాయంత్రం నాకు పనికిరాలేదు.

‘ఎందుకు’ అనే ప్రశ్న చెడ్డదని కాదు. మన గురించి మనం వేసుకున్నప్పుడు దానికి సరైన జవాబు దొరకడం చాలా కష్టం, తప్పుడు జవాబు మాత్రం క్షణంలో దొరికేస్తుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థులకు కొన్ని పోస్టర్లు చూపించి, నచ్చినదాన్ని ఇంటికి పట్టుకెళ్ళమన్నారు. కొందరిని మాత్రం ముందుగా ఏది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో కారణాలు రాయమన్నారు. మూడు వారాల తర్వాత కనుక్కుంటే, కారణాలు రాసి మరీ ఎంచుకున్నవాళ్ళకే తమ పోస్టర్ మీద తృప్తి తక్కువ. మనకి ఏదైనా నచ్చడానికి అసలు కారణాల్లో చాలావరకు మన చేతికందవు. అయినా అడిగితే ఖాళీగా ఉండం, మాటల్లో పెట్టడానికి ఏది తేలికైతే అది కారణమని చెప్పేస్తాం. చెప్పాక మనమే నమ్మేస్తాం. ఒక పోస్టర్ విషయంలోనే ఇంత జరిగితే, ‘నేనెందుకిలా ఉన్నాను’ అనే ప్రశ్నకి రాత్రి పదిన్నరకి, అలసిపోయిన బుర్ర ఏం జవాబు చెబుతుందో మీరే ఊహించుకోండి. ‘నువ్వు దేనికీ పనికిరావు’ అన్నదే దానికి అన్నిటికంటే దగ్గర్లో దొరికే జవాబు.

మీ అనుమానానికి దగ్గరగా వచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. తమ గురించి ఎక్కువ ఆలోచించేవాళ్ళకి తమ స్వభావం బాగా తెలిసి ఉండటమూ కనిపిస్తుంది, దిగులు ఎక్కువగా ఉండటమూ కనిపిస్తుంది. ఒకే అలవాటు మంచీ చెడూ రెండూ ఎలా చేస్తుందని చాలాకాలం తికమకగా ఉండేది. 1999లో పాల్ ట్రాప్‌నెల్, జెనిఫర్ క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు అసలవి రెండు వేర్వేరు అలవాట్లని చూపించారు. ఒకటి, తన గురించి తెలుసుకోవాలన్న ఆసక్తితో చూసుకోవడం. రెండోది, భయంతోనో పోగొట్టుకున్నామన్న బాధతోనో అదే విషయాన్ని నెమరేయడం. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, మనిషి ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తూనే కనిపిస్తాడు. తేడా తెలుసుకోవడానికి నేను వాడే గుర్తు ఇది. ఇవాళ ఆలోచించినదాంట్లో నిన్నటికి తెలియని సంగతి ఒక్కటైనా ఉందా? లేకపోతే అది నెమరేతే. గేదెకైనా నెమరేస్తే తిన్నది అరుగుతుంది, మనకి అదీ లేదు.

సరే, మరి ఎలా చూసుకోవాలి? నా సొంత సంగతే చెబుతాను, కాస్త సిగ్గుపడే విషయమే అయినా.

1997లో మా అబ్బాయికి పదేళ్ళు. వాడికి లెక్కలు చెప్పేటప్పుడు నేను విపరీతంగా అరిచేవాణ్ణి. అరిచిన రోజు రాత్రి పుస్తకంలో పేజీలకి పేజీలు రాసేవాణ్ణి. నేను మా నాన్నలా తయారవుతున్నాను, నాకు ఓపిక లేదు, నేను తండ్రిగా పనికిరాను, ఇలాగే. రాశాక కాస్త ఏడుపు, కాస్త పుణ్యం చేసుకున్నట్టు ఉండేది. మళ్ళీ రెండు రోజులకి అరిచేవాణ్ణి. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళి లాడ్జిలో కరెంటు లేక ఊరికే కూర్చున్నప్పుడు, ఒక బ్రాంచి రిజిస్టరుని చదివినట్టు నా పుస్తకాన్ని నేను చదివితే ఎలా ఉంటుందనిపించింది. కొవ్వొత్తి వెలుగులో చదివాను. తనిఖీ ఆఫీసరుగా నాకు వచ్చిన మొదటి అభ్యంతరం ఏమిటంటే, ఇందులో ఒక్క వోచరూ, అంటే లెక్కకి ఆధారం చూపే కాగితం, లేదు. తేదీ ఉంది, తీర్పు ఉంది. ఏం జరిగిందన్నది లేదు.

అప్పట్నుంచి రాత మార్చాను. ఇలా ఉండేది: ‘మంగళవారం. రాత్రి 8.40. భిన్నాలు. మూడోసారి చెప్పాక పుస్తకం విసిరేశాను. వాడు ఏడవలేదు, పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాడు. పొద్దున పై ఆఫీసరు ఫోన్. రైస్ మిల్లు లోను విషయం రిపోర్టులో రాయద్దన్నాడు. సరే అన్నాను.’ అంతే. తిట్టుకోవడం లేదు, ‘ఎందుకు’ లేదు.

మూడు నెలల్లో అరిచిన రోజులు పదకొండు పోగయ్యాయి. ఒక ఆదివారం వాటిని మాత్రం వరసగా చదివాను. పదకొండులో ఎనిమిది రోజుల్లో, అంతకుముందు ఆఫీసులో ఎవరికో ఇష్టం లేకుండా ‘సరే’ అని ఉన్నాను. నాకు అప్పటిదాకా ఆ రెండింటికీ ముడి ఉందని తట్టనే లేదు. మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన కోపం అనుకుంటూ మూడేళ్ళు ఆయన్ని ఆడిపోసుకున్నాను పాపం. అది పొద్దున ఫోన్లో మింగిన మాట, రాత్రికి పదేళ్ళ పిల్లాడి మీద బయటికొస్తోంది.

ఆ తర్వాత నేనేం చేశానంటే, గొప్పగా ఏమీ చెయ్యలేదు. అలాంటి ‘సరే’ చెప్పిన రోజు ఇంటికి రాగానే మా ఆవిడతో ‘ఇవాళ లెక్కలు నువ్వు చెప్పు’ అనేవాణ్ణి, ఆవిడకి కారణం అక్కర్లేదు. అరవడం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. అసలు మందు, పై ఆఫీసరుకి ‘ఆ మాట కాగితం మీద ఇవ్వండి సార్’ అని చెప్పడం. అది నోటికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. కానీ ఏ మాట నోటికి రావాలో తెలిసింది మాత్రం ఆ ఆదివారమే.

మీరూ ఇలా మొదలుపెట్టండి. రాత్రి పదిన్నర వద్దు, అది అలసిన బుర్ర సమయం. భోజనానికి ముందో, పాప నిద్రపోగానే వెంటనేనో పది నిమిషాలు చాలు. బాల్కనీలో కాకుండా దీపం కింద, టేబుల్ మీద. ఆ రోజు మనసుని కదిపిన సంఘటన ఒక్కటి రాయండి. సీసీ కెమెరాకి కనిపించేది, వినిపించేది ముందు రాయండి: ఎవరు, ఎన్నింటికి, ఏ మాట అన్నారు, మీరేం అన్నారు. ఆ తర్వాత ఒంట్లో ఏమైందో రాయండి. గొంతు పట్టేసిందా, చెవులు వేడెక్కాయా, ఆకలి చచ్చిపోయిందా. ‘బాధేసింది’ అని ఒక్క మాట రాసినా చాలు. తీర్పు మాత్రం రాయకండి. రాయకుండా ఉండలేకపోతే, ‘నేను’ బదులు మీ పేరు పెట్టి, వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు రాసి చూడండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, తన గురించి తాను పేరుతో మాట్లాడుకుంటే కాస్త ఎడంగా నిలబడి చూడగలుగుతామని ఈతన్ క్రాస్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో కూడా తేలింది. పల్లెల్లో పెద్దవాళ్ళు ‘ఏమే మంగమ్మా, నీకెందుకే ఈ గోల’ అని తమని తామే పిలుచుకోవడం మీరు వినే ఉంటారు. వాళ్ళకి ప్రయోగశాల అవసరం పడలేదు.

రాసిన వెంటనే మనసు ఇంకాస్త బరువుగా అనిపిస్తే కంగారు పడకండి. అమెరికాలోని టెక్సాస్‌లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో విద్యార్థుల చేత తమని బాధపెట్టిన సంగతుల గురించి రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాయించినప్పుడు, రాసిన రోజు వాళ్ళ మూడ్ దిగజారింది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం కాలేజీ ఆస్పత్రికి వెళ్ళిన సార్లు తగ్గాయి. అయితే అది నాలుగు రోజుల పని, మూడు నెలల పాటు ప్రతి రాత్రీ పుండు కెలకడం కాదన్నది గుర్తుంచుకోండి.

రాసిన రోజే తేల్చేయాలని చూడకండి. చదవడం వారానికొకసారి, పగటిపూట, టిఫిన్ తిన్నాక. నా వరకు ఆదివారం.

తేలనివి ఉంటాయి. వాటికోసం నా పుస్తకంలో చివరి రెండు పేజీలు వదిలి, పైన ‘సస్పెన్స్’ అని రాస్తాను. బ్యాంకులో ఏ ఖాతాకి చెందిందో వెంటనే తెలియని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పెడతారు. అలా పెట్టడం తప్పు కాదు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంచడం తప్పు. తనిఖీకి వెళ్ళగానే నేను మొదట తెరిచేది ఆ ఖాతానే, బ్రాంచి ఆరోగ్యం అక్కడే తెలిసిపోతుంది. రాత్రి బుర్రలో ఏదైనా తిరుగుతుంటే ఒక్క వాక్యం సస్పెన్స్ పేజీలో వేసి పడుకుంటాను. నా పేజీలో అన్నిటికంటే పాతబడింది 1998 నాటిది. ఇంటి పంపకాలప్పుడు మా అన్నయ్య అన్న ఒక మాట. ప్రతి కొత్త పుస్తకంలోకీ దాన్ని తిరిగి ఎక్కిస్తూ వచ్చాను. 2002లో ఎక్కించబోతుంటే నాకే చిరాకేసి, తెనాలి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని అరగంట ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను. అన్నయ్యకి అసలా మాట అన్నట్టే గుర్తు లేదు. ‘అన్నానేమోరా, అప్పుడు నాకు షుగరు బయటపడ్డ కొత్త’ అన్నాడు. నాలుగేళ్ళు నేను మోసింది ఆయన ఖాతాలో లేనే లేదు.

దాన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. మన గురించిన వోచర్లు చాలావరకు ఇతరుల దగ్గర ఉంటాయి. ఒంటరిగా కూర్చుని ఎంత వెతికినా అవి దొరకవు. అలాగని ‘నేనెలాంటివాణ్ణి?’ అని ఎవర్నీ అడక్కండి, ఇబ్బందిపడి ‘నీకేం, బంగారం’ అంటారు. ఒకసారి నేను ఉత్సాహం కొద్దీ మా ఆవిణ్ణి ‘నాలో ఏం మార్చుకోవాలి?’ అని అడిగాను. ‘ముందు ఆ పుస్తకంలో నా గురించి ఏం రాస్తున్నారో చూపించండి, ఆ తర్వాత చెబుతాను’ అంది. న్యాయమే కదా. జరిగిన ఒక్క సంఘటన గురించి అడగండి: ‘నిన్న మీ అమ్మగారు ఫోన్ చేసినప్పుడు నేను మధ్యలో లేచి వెళ్ళిపోయాను, నీకెలా అనిపించింది?’ అని. జవాబు విన్నాక వెంటనే సంజాయిషీ ఇవ్వకండి. కష్టమే. నేను నీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

దిద్దుకోవడం విషయంలో ఒక్క మాట. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సుగుణాలు ఎంచుకుని, వారానికొకదాని మీద దృష్టి పెట్టి, తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టుకునేవాడు. పదమూడు వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. వస్తువులూ పనులూ ఒక క్రమంలో ఉంచుకోవడం అన్న గుణం దగ్గర ఆయన చివరిదాకా తంటాలు పడ్డాడు, పరిపూర్ణుణ్ణి కాలేకపోయానని ముసలితనంలో తనే ఒప్పుకున్నాడు. నాకు ఆయన పట్టికలో పదమూడు ఎక్కువనిపిస్తుంది, వారానికి ఒకటి అన్నది మాత్రం ముద్దొస్తుంది. ఒక వారం ఒకే ఒక్క చిన్న మార్పు. ‘మంచి తండ్రిగా ఉండాలి’ లాంటివి మార్పులు కావు, ఎన్నికల హామీలు. ‘ఆఫీసు నుంచి రాగానే ఫోను చెప్పుల స్టాండు మీద పెట్టేయాలి’ అన్నది మార్పు.

ఈ మాటలన్నీ చదివాక ఎవరో ఒకరు రమణ మహర్షి మాటేమిటని అడుగుతారు, ఆయన ‘నేనెవరు’ అని విచారించుకోమన్నారు కదా అని. మీరూ నెలకోసారి అరుణాచలం గిరిప్రదక్షిణకి వెళ్ళే బృందంతో వెళ్తున్నారని రాశారు కాబట్టి చెప్పాలి. ఆ విచారణ వేరు. అది మీ కోపాలూ ఉద్యోగం గొడవలూ విడదీసి చూడమనే ప్రశ్న కాదు. ఆ కోపం ఎవరికి వచ్చిందో ఆ ‘నేను’ ఎక్కణ్ణుంచి లేస్తోందో చూడమంటుంది. ఊడ్చి పారేయాల్సిన చెత్తని విడదీసి పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదన్నది ఆయన మాట. అంటే నేను ఇంతసేపూ చెప్పిన పని ఆయన లెక్కలో చెత్త ఏరుకోవడమే. నేను కాదనను. నాకంత దూరం వెళ్ళే శక్తి లేదు, చెత్తలో అప్పుడప్పుడూ ఇంటి తాళంచెవి దొరుకుతోంది, ఏరుకుంటున్నాను. మీరు మాత్రం రెండింటినీ కలపకండి. ‘నేనెవరు’ అని మొదలుపెట్టి, ‘నేనెందుకు ఇంతే’ అనే దానిలోకి జారిపోతున్నారు. మీ ఉత్తరంలో ఆ జారుడు స్పష్టంగా కనిపిస్తోంది.

విపశ్యన ధ్యానం గురించి కూడా క్లుప్తంగా. హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త ఉంది, మన దేశంలో ఆ ధ్యానం నేర్పిన గోయెంకా గారి తొలి కేంద్రాల్లో ఒకటి. పది రోజులు, తెల్లవారుజామున నాలుగింటికి గంట, మౌనం, చదవడం రాయడం నిషిద్ధం. నేను వెళ్ళాను. మూడో రోజు పెన్ను కోసం నా చెయ్యి సిగరెట్ మానేసినవాడి చెయ్యిలా వెతుక్కుంది. నాకు రాత కూడా ఒక వ్యసనమేనని అక్కడ తెలిసింది. మంచి అనుభవమే. కానీ నిద్ర సరిగా పట్టని ఈ స్థితిలో ముందుగా అక్కడికి పరిగెత్తమని మీకు చెప్పను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను, తృప్తి. ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదు. తనిఖీ ఉద్యోగంలో బాగున్నవి రాయం, లోపాలే రాస్తాం. ఆ అలవాటుతో చాలా ఏళ్ళు నా పుస్తకంలో ఖర్చు వైపే, అంటే తప్పులతోనే, నింపాను. జమ వేయడం కేవలం అనుకోకుండా మొదలైంది.

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె బ్రాంచీలో పనిచేస్తున్నప్పుడు సంగతి. డ్వాక్రా సంఘాల వాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు. హాలంతా మాటలు, మధ్యలో పిల్లల ఏడుపులు. సిబ్బందికి విసుగు. ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ అందరూ వెళ్ళేదాకా గోడవారగా నిలబడి, పాస్‌బుక్కు నా ముందు పెట్టి చివరి గీత మీద వేలు పెట్టింది. ‘సారూ, ఇది నేను మీకియ్యాల్సిందా, మీరు నాకియ్యాల్సిందా?’ అంది. రెండేళ్ళ నుంచీ సంతకం పెడుతోంది, ఎవర్నీ అడగడానికి మొహమాటపడింది. అంకె పక్కన ఉన్న ‘డీఆర్’ (అప్పు), ‘సీఆర్’ (జమ) అనే ఇంగ్లీషు అక్షరాలు చూపించాను. ఆవిడకి చదువు రాదు, అక్షరాల ఆకారం గుర్తుపెట్టుకుంది. ‘గుండ్రంగా పొట్ట ఉన్నది నేనియ్యాల్సింది, నోరు తెరుచుకున్నది నాకు రావాల్సింది’ అని తనే ఒక గుర్తు చేసుకుంది. మర్నాడు సంఘంలో ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది, వాళ్ళకి నేను చెప్పేలోపే తను చెప్పింది.

ఆ రాత్రి పుస్తకంలో తప్పులేవీ రాయబుద్ధి కాలేదు. ఇదే రాశాను. తర్వాత ఒకసారి ఆ ఏడాది పుస్తకం తిరగేస్తే, అక్షరాలు కుదురుగా ఉన్న పేజీలన్నీ ఎవరికో ఏదో లెక్క విడమరిచి చెప్పిన రోజులవి. ప్రమోషన్ వచ్చిన రోజు పేజీ కూడా చూశాను. రెండు లైన్లున్నాయి, అందులో ఒకటి ట్రాన్స్‌ఫర్ గురించిన టెన్షన్.

నా జీవిత లక్ష్యం ఏమిటని నేను బాల్కనీలో కూర్చుని ఆలోచించి ఉంటే ‘జనరల్ మేనేజర్’ అనే జవాబు వచ్చేది. బ్యాంకులో అందరికీ అదే వచ్చేది. పుస్తకం వేరే జవాబు చెప్పింది. రిటైరయ్యాక ఇప్పుడు సాయంత్రాలు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఫీజు లేదు, చాక్‌పీసులు వాళ్ళే తెచ్చుకుంటారు. భిన్నాలు మూడోసారి చెప్పాల్సి వస్తే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతాయి, కాసేపు బయటికి వెళ్ళొస్తాను.

కాబట్టి రోజూ ఒక జమ కూడా రాయండి. ‘దేవుడి దయవల్ల అంతా బాగుంది’ అనే రకం కాదు. ఏ పని చేస్తున్నప్పుడు ఫోను చూడటం మర్చిపోయారు? ఎవరితో మాట్లాడాక నడక తేలికైంది? అదీ తారీకుతో, టైముతో. రెండు మూడు నెలలయ్యాక మీకు ఏది కావాలో మీ కాగితమే చెబుతుంది. ఉద్యోగం మానేయాలా వద్దా లాంటి పెద్ద ప్రశ్నలు అప్పటిదాకా సస్పెన్స్ పేజీలో ఉండనివ్వండి. ఈఎంఐ ఉన్నవాళ్ళు రాత్రి పదకొండింటికి అలాంటి నిర్ణయాలు తీసుకోకూడదు.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. నిద్ర పట్టటం లేదన్నారు. రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి తేడా రావడం ఉంటే, లేదా బతకడం దేనికన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఈ పుస్తకం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది ఆత్మపరిశీలనతో తేలే లెక్క కాదు, జ్వరానికి డైరీ రాయం కదా. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మీ భార్యకి కూడా ఈ నంబరు తెలిసి ఉండటం మంచిది.

ఇక యాప్, పుస్తకం. యాప్ వాడేవాళ్ళు నాకు తెలుసు, బాగానే రాసుకుంటున్నారు. నా అభ్యంతరం ఒక్కటే, రాయడానికి ఫోను తీస్తే మధ్యలో వాట్సాప్ కనిపిస్తుంది. దానికి తోడు, మీ చేతిరాత ఏ రోజు కుదురుగా ఉందో యాప్ చూపించదు. నేను ఫుల్‌స్కేప్ రూళ్ళ నోటుబుక్కు వాడతాను, ఏడాదికి ఒకటి. ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే నిజం రాయలేరు కాబట్టి తాళం వేసే చోటు చూసుకోండి. నావన్నీ బీరువా కింద అరలో ఉన్నాయి, తాళం నా దగ్గరే ఉంటుంది. ఆ తాళం ఎక్కడ పెడతానో మా ఆవిడకి తెలుసని నాకు తెలుసు. చదివిందో లేదో ఇన్నేళ్ళలో ఆవిడ అనలేదు, నేను అడగలేదు.